అరువిచ్చిన నాలుక

“మా ఆవిడకి ఉప్పూ కారం తప్ప ఇంకే రుచీ తెలియదండీ!” అన్నాడతను, కెమెరా వైపు కన్నుగీటుతూ.

ఆ కెమెరా పట్టుకున్నది ఆవిడే. చెయ్యి వణకలేదు. వణికితే మళ్లీ తీయాలి, మళ్లీ తీసేలోపు పళ్లెంలోది చల్లారిపోతుంది, చల్లారితే ఆవిరి కనిపించదు. ఆవిరి లేని వీడియోకి అతను విసుక్కుంటాడు. అందుకని ఊపిరి బిగబట్టి, అతని ముఖం మీదనుంచి చెంచా మీదకి, చెంచా మీదనుంచి మళ్లీ ముఖం మీదకి మెల్లగా కెమెరా తిప్పింది. అతను చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ కళ్లు మూసుకోవడమంటే చూసేవాళ్లకి ప్రాణం. కాసేపాగి, గొంతు తగ్గించి అన్నాడు: “మొదట తీపి. ఆ తీపి వెనకాల, అలిగి వెళ్లిపోయినవాళ్లు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు, ఓ చిన్న చేదు.”

ఆ మాట ఆమెది. ఇందాక చేతులు కడుక్కునే చోట, కొళాయి చప్పుడులో అతని చెవిలో చెప్పింది. పెళ్లైన కొత్తలో ఒకసారి అలిగి పుట్టింటికి వెళ్లి, ఎవరూ తీసుకెళ్లడానికి రాకపోతే తనే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డ రోజు గుర్తొచ్చి అన్న మాట అది. గుమ్మంలో నిలబడ్డది ఎవరో అతనికి గుర్తు లేదు. మాట మాత్రం భలేగా పలికాడు.

పరదేశాల్లో ఎవరికీ తెలియని భోజనశాలలు, సందుల్లో దాక్కున్న బార్లు వెతికి చూపించేవాడిగా అతనికి పెద్ద పేరు. నిజానికి అతనికి వాసనా తెలియదు, రుచీ తెలియదు. కొన్నేళ్ల కిందట వచ్చిన జ్వరం రెంటినీ తుడిచిపెట్టేసింది. జ్వరం తగ్గిన పొద్దున ఆమె కాఫీ ఇస్తే, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి “ఇందులో ఏం లేదే” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పటికే జనం అతని వీడియోలు చూడడం మొదలుపెట్టారు, ఉద్యోగం మానేశాడు కూడా. అతని తల నిమురుతూ, “నేనున్నాగా, నేను తిని చెప్తాను” అంది ఆమె. ప్రేమతోనే అంది. ఆ రోజు ఆ మాట అన్నందుకు ఆమెకి ఇప్పటికీ విచారం లేదు. కాకపోతే అరువిచ్చిన వస్తువు ఎదుటివాళ్ల చేతిలో ఎక్కువకాలం ఉంటే వాళ్లదే అయిపోతుందని అప్పుడు తెలియదు. మొదట్లో “ఏముందే ఇందులో?” అని బతిమాలినట్టు అడిగేవాడు. తర్వాత “త్వరగా చెప్పు” అన్నాడు. ఇప్పుడు అడగడం కూడా లేదు, చొక్కా పైగుండీ ముట్టుకుంటే చాలు, ఆమె పక్కకొచ్చి కాలర్ సర్దుతున్నట్టు వంగి చెప్పాలి.

ఆ చోట్లు వెతికేది కూడా ఆమే. అతను పొద్దెక్కేదాకా పడుకుంటాడు, గొంతు పాడవకూడదుగా మరి. ఆమె చెప్పులేసుకుని వీధులమ్మట పోతుంది. అద్దాల తలుపులూ మెరిసే బోర్డులూ చూడదు. వెనకవైపు సందులోకి వెళ్లి, అక్కడ గిన్నెలు కడిగేవాళ్లు ఏం తింటున్నారో చూస్తుంది. లోపలినుంచి వచ్చే పళ్లేలు ఎంత ఖాళీగా వస్తున్నాయో చూస్తుంది. ఉల్లిపాయ వేగే వాసనలో తొందర ఉందో నిదానం ఉందో ఆమెకి వీధి చివరనుంచే తెలుస్తుంది. ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు, “వాడిది నాలుక కాదమ్మా, బంగారం. నువ్వు పెట్టి పుట్టావు, దేశాలన్నీ తిప్పుతున్నాడు. వాడు వేళకి తింటున్నాడా?” అంటుంది. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో చేసే ఉద్యోగం మాన్పించినప్పుడు మామగారు, “నీ జీతం వాడి టికెట్లకి కూడా చాలదు గానీ, వాడి వెంట ఉండు” అన్నారు. వెంట ఉండడమంటే ఇదీ. పెట్టెలు సర్దడం, చొక్కాలు ఇస్త్రీ చేయడం, వెతకడం, తినడం, చెప్పడం, తీయడం, కత్తిరించడం, అన్నీ అయ్యాక ఉప్పూ కారం తప్ప తెలియనిదానిగా నవ్వడం.

ఆ మర్నాడు పొద్దున్న వాన. గొడుగు గదిలో మర్చిపోయి, తాళంచెవులు చేసే కొట్టు చూరు కింద నిలబడితే, పక్కనే కిందకి దిగే ఇరుకు మెట్లు కనిపించాయి. మెట్ల కిందనుంచి పొగ వాసన వచ్చింది. సిగరెట్టు పొగ కాదు, తడి కట్టె మీద ఏదో పండు తొక్క కాలుతున్న పొగ. కాళ్లు వాటంతటవే దిగాయి. కింద ఓ చిన్న బారు. ఇంకా తెరవలేదు. బల్లల మీద కుర్చీలు బోర్లించి ఉన్నాయి. తెల్లజుట్టు బిగించి ముడేసుకున్న పొడుగాటి ముసలావిడ ఇనప పెనం మీద నారింజ తొక్కలు మాడుస్తోంది. తడిసి నిలబడ్డ ఈమెని చూసి పొమ్మనలేదు, ఓ కుర్చీ దించి వేసింది.

“ఒక్కదానివేనా?” అని అడిగింది, ఇద్దరికీ వచ్చీరాని భాషలో.

“ఒక్కదాన్నే” అంది ఈమె. అని, ఆ మాట నోట్లో ఎంత బాగుందో తనే ఆశ్చర్యపోయింది.

“మత్తు ఉన్నది కావాలా, లేనిదా?”

“లేనిది. వాసన ఉన్నది.”

ముసలావిడ నవ్వి, పొట్టి గ్లాసులో చల్లటి టీ డికాషన్ పోసి, మాడిన తొక్క పిండి, అంచుకి నల్లటి ఉప్పు రాసి ఇచ్చింది. ఆమె ఒక గుక్క తాగింది. అలవాటుగా మాటలు వరస కట్టడం మొదలైంది. ముందు వగరు, తర్వాత... అని ఎవరికో చెప్పడానికి మనసు పరుగెత్తింది. పక్కన ఎవరూ లేరు. కాలర్ సర్దాల్సిన మెడ లేదు. రెండో గుక్క నోట్లో అలాగే ఉంచుకుంది. మింగాలన్న తొందర లేకుండా, మాటగా మార్చాలన్న తొందర లేకుండా, ఆ పొగ నాలుక మీదనుంచి ముక్కులోకి, అక్కడనుంచి ఎక్కడో చిన్నప్పటి మధ్యాహ్నంలోకి పోతుంటే దాని వెంట పోయింది. అమ్మ పొయ్యి ఆర్పడానికి నీళ్లు చల్లినప్పుడు లేచే ఆవిరి. తను పక్కనే నేల మీద పడుకుని, ఎవరికీ ఏమీ కానక్కర్లేని రోజులు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లుగా ఎన్ని రుచులు తిన్నదీ! ఒక్కటీ తనకోసం మింగలేదు, అన్నీ అతని నోటికి అందించి తను ఖాళీ చెంచాలా మిగిలింది.

“ఎలా ఉంది?” అంది ముసలావిడ.

“ఇప్పుడు చెప్పను” అంది ఈమె.

ముసలావిడ ఏమీ అనుకోలేదు. “సరే, నీ దగ్గరే ఉంచుకో” అని తన పని తను చూసుకుంది.

వాన వెలిసేదాకా అక్కడే కూర్చుని గదికి తిరిగొచ్చింది. జుట్టు నిండా, చీర నిండా పొగ వాసన. తనకే గుప్పుమంటోంది. అతను అప్పుడే లేచి పళ్లు తోముకుంటూ, ఆమెని రాసుకుంటూ అద్దం దగ్గరికి వెళ్లాడు. “ఏమైనా దొరికిందా?” అన్నాడు నురగ నోటితో.

ఇంత వాసన మోసుకుని ఎదురుగా నిలబడితే కూడా, తను చెప్తే తప్ప అతనికి తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు.

“ఏం దొరకలేదు” అంది. పెళ్లయ్యాక అతనికి చెప్పిన మొదటి అబద్ధం అదేనేమో. చెప్పాక ఒళ్లు తేలికైంది.

ఆ మధ్యాహ్నం పబ్లిషరుతో భోజనం. ఏదో పుస్తకాల సభకని మన దేశంనుంచి అదే ఊరికి వచ్చిన పెద్దావిడ. అతను కనిపెట్టిన చోట్లన్నీ ఒక పుస్తకంగా వేయాలని ఆవిడ కోరిక. నిదానంగా మాట్లాడే మనిషి. చేప వచ్చింది, దానిమీద పల్చగా ఆకుపచ్చటి ద్రవం. ఆవిడ ఒక ముక్క తిని, “వీడియోల్లో మీ మాటలు వింటే నోరూరుతుందండీ. ఒక్కసారి నా ఎదురుగా చెప్పరూ, ఇది ఎలా ఉందో?” అంది ముచ్చటగా.

అతను పైగుండీ ముట్టుకున్నాడు. ఆమె కదలలేదు. ఆ పచ్చదనం పుల్లటి పచ్చి ఆపిల్‌దని మొదటి ముద్దకే ఆమెకి తెలుసు. అతను మళ్లీ గుండీ ముట్టుకున్నాడు, ఈసారి గట్టిగా. ఆమె మంచినీళ్లు తాగింది. అతను కళ్లు మూసుకున్నాడు. రంగు చూశాడు కాబట్టి, “పుదీనా... చల్లగా, తెల్లవారుజామున గాలిలా పుదీనా” అన్నాడు.

“పుదీనానా?” పబ్లిషరు నొసలు ముడిచింది. “నాకు తగల్లేదే.”

“ఉందండీ, లోపలెక్కడో ఉంది” అని నవ్వి, ఆమె వైపు తిరిగాడు. నవ్వుతున్న పెదాల పైన కళ్లు బెదిరిపోయి ఉన్నాయి. “ఏమోయ్, నువ్వేమంటావ్?”

“నాకేం తెలుసండీ, ఉప్పూ కారం తప్ప!” అంది ఆమె.

పబ్లిషరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వెళ్లేటప్పుడు తన కార్డు బల్ల మధ్యలో పెట్టి వెళ్లింది.

గది తలుపు మూసుకోగానే అతను, “నన్ను నిలువునా ముంచేశావు” అన్నాడు. “కావాలనే చేశావు.”

“కావాలనే చేశాను.”

“దేనికి? ఆ వీడియోలో ఏదో సరదాకి అన్నందుకా? జనం నవ్వుతారని అన్నాను. దానికే ఇంత పట్టింపా?”

“జనం నవ్వారు. నేను నవ్వలేదు. మీరు కెమెరా వెనకాల ఎప్పుడూ చూడలేదు గనక మీకు తెలియదు.”

అతను మంచం మీద కూర్చున్నాడు. గొంతు మార్చాడు. బతిమాలే గొంతు, చాలా ఏళ్ల తర్వాత. “సర్లే, పుస్తకంలో నీ పేరు వేయిస్తాను. ముందుమాట చివర్లో. ‘నా శ్రీమతి సహకారంతో’ అని. సరేనా?”

ఆమెకి నవ్వొచ్చింది. కోపం రావాల్సిన చోట నవ్వు రావడం ఆమెకే కొత్తగా ఉంది. “సహకారం అంటే పక్కనుంచి చెయ్యి వేయడం. మొత్తం మూట నేనే మోస్తే దాన్ని ఏమంటారో మీరే చెప్పండి” అంది. “పొద్దున్న ఒక చోటు దొరికింది. ఇన్నేళ్లలో అలాంటిది దొరకలేదు.”

అతని ముఖం వెలిగింది. “దొరకలేదన్నావు! ఎక్కడ?”

“పొద్దున్నుంచీ నా జుట్టులోనే ఉంది.”

అతనికి మొదట అర్థం కాలేదు. తర్వాత లేచి ఆమె కూర్చున్న కుర్చీ దగ్గరికొచ్చాడు. ఆమె తల మీదకి వంగి, గట్టిగా ఊపిరి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఆమె మెడ మీద అతని ఊపిరి తగిలింది. ఆ ఊపిరిలో వెతుకులాట ఉంది, ఏమీ దొరకని వెతుకులాట. మెల్లగా వెనక్కి జరిగి గోడకానుకున్నాడు. కాఫీ గ్లాసు పట్టుకుని ఏడ్చిన మనిషి మళ్లీ కనిపించాడు. ఆమె చెయ్యి తనంతట తనే అతని తల వైపు లేచింది. జాలి లేకపోలేదు, చాలా ఉంది. కానీ ఆ చెయ్యి తల మీద పడితే, వెనకాలే “నేనున్నాగా” అన్న మాట కూడా వస్తుందని ఆమెకి తెలుసు. చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది.

“మీకు వాసనా రుచీ తెలియవని ఎవరికీ చెప్పను” అంది. “అది మీది. చెప్పుకుంటారో దాచుకుంటారో మీ ఇష్టం. చెప్పుకుంటే వినేవాళ్లు మీరనుకున్నంత చెడ్డవాళ్లేం కాదు. నా నాలుక మాత్రం ఇకనుంచి నా నోట్లోనే ఉంటుంది.”

“అమ్మ వాళ్లకి ఏం చెప్పను? జనానికి ఏం చెప్పను?”

“ఇన్నాళ్లూ ఏం చెప్పాలో నేనే చెప్పాను కదా! ఈ ఒక్కటీ మీరే ఆలోచించుకోండి.”

అతను బాల్కనీలోకి వెళ్లిపోయాడు. వీధిలో బళ్ల చప్పుడు లోపలికొచ్చింది. ఎవరింట్లోనో రొట్టె కాలుతోంది. నిదానంగా, మంచి చేతి కింద కాలుతోంది. ఆమె కాసేపు ఆ వాసన పీలుస్తూ ఊరికే కూర్చుంది. తర్వాత భోజనాల దగ్గరనుంచి తెచ్చుకున్న కార్డు తీసి, ఫోన్ చేసింది. రెండుమూడు సార్లు మోగాక పబ్లిషరు ఎత్తింది.

“ఎవరండీ?”

ఫలానావారి భార్యనని చెప్పడం నాలుక చివరదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

“మధ్యాహ్నం చేప మీద పుదీనా అన్నారు కదండీ, అది పచ్చి ఆపిలు” అంది. “ఆ చోట్లన్నీ వెతికిందీ, ఆ మాటలన్నీ చెప్పిందీ నేను. మీ పుస్తకం నేను రాస్తాను.”