యుకులేలేకు ఉక్కు తీగలు

సోమవారం పొద్దున స్కూల్లో బీరువా తలుపు తీసిన సంగీతం టీచరు రెబెకాకు ఒళ్లు మండిపోయింది. పదహారు యుకులేలేలు, బుల్లి గిటారుల్లాంటి నాలుగు తీగల వాయిద్యాలు. పదకొండింటికి తీగలు బిగించే చెక్కముక్క ఊడి వేలాడుతోంది. మిగిలిన ఐదింటి పొట్టలు ఉబ్బిపోయాయి. ఒకటో రెండో అయితే చేయిజారి పడ్డాయనుకోవచ్చు. ఇది ఎవరో తీరిగ్గా కూర్చుని వరసబెట్టి చేసిన పని. ప్రతి దానికీ నైలాను తీగలు పీకేసి ఉక్కు తీగలు బిగించారు.

ఎవరి పనో అడగక్కర్లేదు. శుక్రవారం హాల్లో పిల్లలు వాయిస్తుంటే హెడ్మాస్టరు జీవానందం పెదవి విరిచాడు. సౌండు చాల్లేదట. మదనపల్లెలో బాక్సులు అదరకపోతే అది ఫంక్షనే కాదు కదా. ఆయన బామ్మర్ది శాలేము రాజు చర్చిలో గిటారు వాయిస్తాడు. గిటారు తీగలు వేస్తే సౌండు దానంతటదే వస్తుందని అతను అనడం, ఈయన బీరువా తాళాలు ఇవ్వడం శనివారమే జరిగిపోయాయి. ఆ బుల్లి పెట్టె అంత లాగుడుకు ఆగుతుందా అని సంగీతం టీచరును ఒక్క మాట అడిగితే వాళ్ల సొమ్మేం పోయింది? తెలియదని ఒప్పుకోవడం మన పెద్దమనుషులకు చేతనైతే ఈపాటికి సగం దేశం బాగుపడేది.

ఆ యుకులేలేలు పంపింది కృపమ్మ. కుప్పంలో పుట్టి, బెంగుళూరులో నర్సుగా రిటైరైన ఆవిడ, తెలిసిన వాళ్లందరినీ అడిగి వాటిని పోగుచేసింది. 2005 జూన్‌లో అవి వచ్చినప్పుడు రెబెకాకు హార్మోనియం తప్ప మరొకటి రాదు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వస్తూ ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని, పక్క సీటువాళ్లు నవ్వుతున్నా పట్టించుకోకుండా నేర్చుకుంది. ఆ తర్వాత ఏడో తరగతికి నేర్పింది.

ఆ తరగతిలో స్వర్ణలత అని ఒక పిల్ల ఉంది. ఊరు బి.కొత్తకోట పక్కన, ఉండేది హాస్టల్లో. దసరా సెలవుల్లో వేరుశనగ చెట్లు పీకి పీకి బిరుసెక్కిన వేళ్లు. ఏ పాఠంలోనూ నోరు తెరిచి జవాబు చెప్పని పిల్ల, డిసెంబరు వచ్చేసరికి చేతి వంక చూడకుండా మూడు కార్డులు, అంటే తీగల మీద మూడు రకాల వేళ్ల పట్లు, మార్చేస్తోంది. పక్కపిల్ల వేలు తప్పుపడితే తనే సర్దుతోంది. వచ్చే శనివారం కృపమ్మ వస్తుంది, ఆవిడ ముందు వాయించాలి. తరగతి మొత్తం ఆ రోజు కోసమే కాచుకుని ఉంది.

రెబెకా విసురుగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది. ఆయన అప్పటికే ఒక కాగితం టైపు చేయించి పెట్టుకున్నాడు. విద్యార్థుల అజాగ్రత్త వల్ల వాయిద్యాలు పాడైపోయాయని ఉంది అందులో. కింద సంగీతం టీచరు సంతకానికి చోటు వదిలారు. బామ్మర్ది పేరు బయటికొస్తే చర్చిలో తలెత్తుకోలేనన్నాడు జీవానందం. వచ్చే జూన్‌లో ఆమె ఉద్యోగం పర్మినెంటు చేసే కమిటీలో తానూ ఉన్నానని గుర్తుచేశాడు.

"పిల్లోళ్లు గదమ్మా. వాళ్ల మీద పెడితే ఎవురూ ఏమీ అనుకోరు."

నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగి రెబెకా సంతకం పెట్టింది. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యమేసింది. అసహ్యమేసింది కదాని వెనక్కి వెళ్లి ఆ కాగితం చించిందీ లేదు.

అంతటితో పోయిందా అంటే అదీ లేదు. పిల్లలంతా వరసలో నిలబడి, ఒకే గొంతుతో కృపమ్మకు క్షమాపణ చెప్పాలట. సంగీతం పీరియడులో అది ప్రాక్టీసు చేయించమన్నాడు. కార్డులు నేర్పిన గదిలోనే రెబెకా చెయ్యి ఊపుతూ "మమ్మల్ని క్షమించండి" అని చెప్పించింది. అందరూ అన్నారు. స్వర్ణలత నోరు మెదపలేదు.

"మేము పగలగొట్టలేదు గదా మేడమ్. యాల క్షమించమనాల?"

పెద్దవాళ్లు చెప్పమన్నప్పుడు చెప్పాలని రెబెకా కసిరింది. ఆ పిల్లను కసరడం అదే మొదటిసారి.

శనివారం హాలు నిండింది. కృపమ్మ ముందు కుర్చీలో కూర్చుంది. జీవానందం ఆమె చేతిలో కాగితం పెట్టి, మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. పల్లెటూరి పిల్లలనీ, మోటు చేతులనీ, ఇంత సున్నితమైన వస్తువులు వాళ్లకు ఇవ్వడం తమదే పొరపాటనీ అన్నాడు. వరసలో నిలబడ్డ పిల్లలు తలలు దించుకున్నారు. వాళ్లను మొదలుపెట్టించడానికి లేచిన రెబెకా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మోటు చేతులట. ఆమె వెళ్లి ఆయన చేతిలోని మైకు లాక్కుంది.

"వీళ్లు పగలగొట్టలేదమ్మా. సౌండు సాల్లేదని సారు, వాళ్ల బామ్మర్ది కలిసి ఉక్కు తీగలు బిగించినారు. దాంతో పగిలినాయి."

జీవానందం ఏదో అనబోయాడు. కృపమ్మ ఆయన వైపు చూడలేదు. కళ్లజోడు పెట్టుకుని కాగితం పైనుంచి కింది దాకా చదివింది.

"మరి ఈ సంతకం నీదే గదమ్మా?"

"నాదే. అబద్ధమని తెలిసే పెట్టినాను."

పిల్లలు తలలెత్తి ఆమె వైపు చూశారు. ఆ సంతకం సంగతి వాళ్లకు అప్పటిదాకా తెలియదు. రెబెకా వాళ్ల వైపు తిరిగి, తనను క్షమించమని అడిగింది. గుండెల మీది బరువు దిగిపోతుందనే అనుకుంది.

స్వర్ణలత వరసలోంచి ఒక అడుగు ముందుకేసింది.

"సంతకం పెట్టేటప్పుడు మేము గుర్తుకు రాలేదా మేడమ్?"

లేదని చెప్పడం సులువు. కానీ ఆ పిల్లకు ఇంకో అబద్ధం చెప్పడానికి రెబెకాకు నోరు రాలేదు.

"గుర్తొచ్చినారు. అయినా పెట్టినాను."

స్వర్ణలత వెనక్కి వెళ్లి వరసలో నిలబడింది. క్షమించానని మాత్రం అనలేదు.