పెద్దపీట

బెల్టుల మాస్టారికి మాటలు బాగా వచ్చు. దుకాణంలోకి వచ్చినవాళ్లు ఏమీ కొనకపోయినా ఆయన మాటలకు నవ్వుకుంటూ వెళ్తారు. సంచీ మీద కుట్టు బాగుందని ఎవరైనా అంటే చాలు, మూలన నేల మీద కూర్చున్న భార్య వైపు చెయ్యి చూపించి, "అదంతా ఆవిడ చలవేనండీ. మా దగ్గర ఆవిడ మాటకే పెద్దపీట," అంటాడు. వినేవాళ్లకు ముచ్చటేస్తుంది. ఆమె తలెత్తకుండా కుట్టుకుంటూ ఉంటుంది.

దుకాణమంటే ఒకే ఒక గది. వీధి వైపు తలుపు, ఆ పక్కనే కిటికీ. మాస్టారు తోలు కోస్తాడు, బకిళ్లు బిగిస్తాడు, బేరాలు చూసుకుంటాడు. కుట్టుపని మొత్తం ఆమెదే. చెక్కతో చేసిన పట్టుడుకర్రను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దాని దవడల్లో తోలు పట్టించి, ఆరెతో బెజ్జం పొడిచి, ఆ ఒక్క బెజ్జంలోంచే అటునుంచి ఒక సూది, ఇటునుంచి ఒక సూది దూర్చి దారం బిగలాగుతుంది. ఆరె ఎప్పుడూ ఎడమచేతిలోనే ఉంటుంది. ఆమెది పుర్రచేతివాటం. ఆ చేత్తో వేసిన కుట్టు సంచీ చిరిగినా ఊడదు.

ఊడింది ఆమె నడుమే. ఏళ్ల తరబడి నేల మీద వంగి కూర్చుంటే ఏ నడుమైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? గోడ పట్టుకుంటే గానీ లేవలేని స్థితికి వచ్చాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. "ఇకమీదట నేల మీద కూర్చోవద్దు. నిలబడి చేసే వీలుంటే చేసుకోండి. లేదంటే పని మానేయండి," అందావిడ. మానేయడమన్న మాట ఆమెకు మింగుడుపడలేదు. ఇల్లు ఆయన పేరున ఉంది, దుకాణం ఆయన పేరున ఉంది, బోర్డు మీదా ఆయన పేరే ఉంది. ఆమెదంటూ ఉన్నది ఆ కుట్టొక్కటే.

ఇంటికొచ్చాక మాస్టారు తనంతట తనే అన్నాడు. "నిలబడి కుట్టుకునేలా ఓ మంచి బల్ల చేయిద్దాం. సామాన్లకు అరలూ సొరుగులూ అన్నీ. ఎలా ఉండాలో నువ్వే చెప్పు. నీ మాటకే పెద్దపీట."

ఆ రోజు ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది.

నమ్మి ఊరుకోలేదు. దుకాణం మూసి ఉన్న రోజు చూసి చాప చుట్టేసి, నేలంతా తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్కతో బల్ల ఎంతుండాలో అంత కొలతతో నేల మీదే గీసింది. గీత బయట నిలబడి చేతులు చాపి చూసుకుంది. ఏది ఎక్కడుంటే అందుతుందో, ఏది అడ్డమొస్తుందో చూసి, చెరిపి, మళ్లీ గీసింది. మాస్టారు స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూశాడు.

"సుత్తి దెబ్బలకు రాతిపలక కావాలిగా. అది మధ్యలో పెట్టించు, అందంగా ఉంటుంది," అన్నాడు.

"మధ్యలో పెడితే దెబ్బ కొట్టినప్పుడల్లా బల్ల ఎగిరిపడుతుందండీ. పలక బల్ల కాలు మీదికి రావాలి. అప్పుడు దెబ్బ నేలలోకి పోతుంది."

"సరే, నీ ఇష్టం. తోళ్లు మడతపెట్టి కింద అరలో సర్దేద్దాం."

"మడతపెడితే గీత పడుతుంది. ఆ గీత ఇక చచ్చినా పోదు. చుట్టలుగానే ఉండాలి, నేలకు కాస్త ఎత్తులో, గోడ చెమ్మ తగలకుండా. రంగుల సీసాలు ఎండ తగలని చోట. బంక డబ్బా మాత్రం కిటికీ దగ్గర, లేకపోతే ఆ వాసనకు తల తిరుగుతుంది."

కిటికీ దగ్గరే ఆమె ఎక్కువసేపు ఆగింది. వెలుతురు ఏ పక్కనుంచి వస్తుందన్నదే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం. ఆరె పట్టిన చేతి నీడ కుట్టు మీద పడితే బెజ్జం వంకరపోతుంది. ఆమె చెయ్యి ఎడమది కాబట్టి కిటికీ కుడిపక్కకు రావాలి. అందుకని పట్టుడుకర్ర బిగించే చోటు, రాతిపలక, ఆరెలు నిలబెట్టే కన్నాలు అన్నీ ఎడమచేతి కిందికి వచ్చేలా గీసింది. ఆ గీతల మధ్య నిలబడి ఉత్తుత్తి సూదులతో గాల్లో కుట్టి చూసుకుంది. మాస్టారు పకపకా నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. అంత తేలిగ్గా, అంత హాయిగా ఆమె నవ్వి చాలా కాలమైంది.

వడ్రంగి వచ్చాడు. మాట తక్కువ మనిషి. నేల మీది గీతలన్నీ చూసుకుని, చేతిలోని పొడుగాటి పుల్ల నిలబెట్టి, "ఎవరు నిలబడతారు?" అని అడిగాడు.

"నేనే," అంది ఆమె.

"చెప్పులు వేసుకుని నిలబడండమ్మా. మోచెయ్యి మడవండి. బల్ల ఎత్తుకి మోచెయ్యే కొలత. తక్కువైతే నడుం పోతుంది, ఎక్కువైతే భుజాలు పోతాయి." ఆమె మోచేతి దగ్గర పుల్ల మీద పెన్సిలుతో గీత పెట్టుకున్నాడు. చీర కొనేటప్పుడు కూడా ఆమెను నీకేం కావాలని అడిగినవాళ్లు లేరు. అలాంటిది ఇవాళ ఒక మనిషి వచ్చి ఆమె ఒంటిని బట్టి ఒక వస్తువు చేస్తానంటున్నాడు.

బల్ల తయారయ్యేలోగా మాస్టారికి అక్క నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. ఫోను రాగానే ఆయన వీధిలోకి వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. సంచుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మేనల్లుడికి అక్కడ పని పోయిందని ఒక రోజు చెప్పాడు. పాపం అంది ఆమె. ఇంకో రోజు పాలిష్ రంగు చూసొస్తానని వడ్రంగి దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చాక రంగు ఎలా ఉందని అడిగితే నీళ్లు నమిలాడు. సంతోషంలో ఉన్న మనిషికి ఇవేవీ అనుమానించాలని తోచదు. ఆమె ఎంచక్కా సొరుగుల్లో పరచడానికి పాత తోలు ముక్కలు కత్తిరించుకుంటూ కూర్చుంది.

బల్ల వచ్చిన రోజే మేనల్లుడూ వచ్చాడు. తలుపులోంచి వంగి లోపలికి రావాల్సినంత పొడుగు మనిషి. "బావున్నారా అత్తయ్యా," అని పలకరించి, వడ్రంగితో పాటు తానూ ఒక చెయ్యి వేసి బల్లను గోడకు చేర్చాడు. ఆమె చెప్పులు వేసుకుని, కొంగు దోపుకుని వెళ్లి బల్ల ముందు నిలబడింది.

మోచేతులు ఆనలేదు. భుజాలు రెండూ చెవుల దాకా ఎగదోస్తే గానీ చేతులు పైకి రాలేదు. పెళ్లివారి బంతిలో పెద్దవాళ్ల కుర్చీలో కూర్చోబెట్టిన పిల్లలా ఉంది ఆమె వాటం. చెప్పులు చూసుకుంది. నేల చూసుకుంది. వడ్రంగి వైపు చూసింది.

"కొలత తప్పినట్టుంది," అంది మెల్లగా.

వడ్రంగి ఆ పుల్లను వెంటే తెచ్చుకున్నాడు. దాన్ని బల్ల పక్కన నిలబెట్టాడు. పైనున్న గీత బల్లకు సరిగ్గా సరిపోయింది. దానికి బాగా కింద ఇంకో గీత ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేసి ఉంది. "నా కొలత తప్పదమ్మా. కింది గీత మీది. మాస్టారు వచ్చి అది కొట్టేయించి, తలుపు మీద ఎవరిదో పొడుగు మనిషి ఎత్తు చూపించి, ఈ గీత పెట్టించారు," అన్నాడు.

ఆమె భర్త వైపు చూసింది. ఎప్పుడూ మాటల కోసం వెతుక్కోని మనిషి బకిళ్ల సొరుగు లాగి, మూసి, మళ్లీ లాగాడు.

"అది కాదోయ్. పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. వాడికి మనం కాకపోతే ఇంకెవరున్నారు? అక్క మరీ మరీ అడిగింది. అయినా దుకాణంలో ఎదురుగా మగమనిషి నిలబడి ఉంటే ఆ కళే వేరంది. గదిలో పట్టేది ఒక్క బల్లేగా."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు అంత సంబరంగా గీసుకుంటుంటే నోరు రాలేదు."

ఆమె వడ్రంగి వైపు తిరిగింది. "కాళ్లు కోయొచ్చా?"

"కోయడం ఎంతసేపమ్మా. రంపం వెంటే ఉంది. మాస్టారు ఊ అనాలి."

ముగ్గురూ మాస్టారి వైపు చూశారు. మేనల్లుడు కూడా ఏదో అనబోయాడు గానీ మేనమామ చెయ్యెత్తి ఆపాడు.

"ఎలా కోయిస్తాం? అంత పొడుగు మనిషి రోజంతా వంగి పనిచేస్తే వాడి నడుం ఏమైపోవాలి?" అన్నాడు మాస్టారు.

ఆ మాటలో మోసం లేదు. ఆయన నిజంగానే కనికరించి అన్నాడు. ఆమె ఒళ్లు మండింది అందుకే. ఈ ఇంట్లో నడుం నొప్పి అర్థమయ్యేవాళ్లు లేరని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకుంది. అర్థమవుతుంది, అక్క కొడుకు నడుమైతే బాగానే అర్థమవుతుంది.

"నీకో పీట చేయిస్తాలే. ఎక్కి నిలబడితే సరిపోతుంది," అన్నాడు పైగా.

వడ్రంగి బల్లలో మిగిలిన ముక్కతో మర్నాడు ఒక చిన్న పీట చేసి తెచ్చాడు. అంచులు గుచ్చుకోకుండా నున్నగా అరగదీసి మరీ తెచ్చాడు. కానీ ఎక్కి నిలబడటానికి బల్ల ఎప్పుడైనా ఖాళీగా ఉంటే కదా. ఆమె దాన్ని మూలకు తీసుకెళ్లి చాప మీద వేసి కూర్చుంది. నేలకు జానెడు ఎత్తు. నడుముకు ఆ జానెడూ చాలలేదు.

మేనల్లుడు పని మొదలుపెట్టాడు. పట్టుడుకర్ర బిగించి, ఆరె తీసుకున్నాడు. కుడిచేత్తో తీసుకున్నాడు. ఆమె చూసింది. కిటికీ కూడా కుడిపక్కనే ఉంది. చేతి నీడ తిన్నగా వెళ్లి కుట్టు మీద పడింది. అతను మెడ అటు వంచాడు, ఇటు వంచాడు, ఒళ్లంతా పక్కకు జరిపాడు. సుత్తి కోసం కుడివైపు చెయ్యి చాపితే బంక డబ్బా తగిలింది. రాతిపలక మీద దెబ్బ వేయాలంటే ఎడమవైపుకి ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. ఆమెకు మొదట లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ బల్ల వల్ల తనకు దక్కిన సంతోషం ఇదొక్కటేనా అని తోచాక తన మీద తనకే రోత పుట్టింది.

"మామయ్యా, ఈ బల్ల తిరగేసి ఉన్నట్టుంది," అన్నాడు మేనల్లుడు చివరికి.

వడ్రంగికి కబురు వెళ్లింది. అతను వచ్చి చూసి, అటు తిప్పితే తలుపు తెరుచుకోదనీ, తలుపు తెరుచుకోవాలంటే అరలన్నీ ఊడగొట్టాలనీ చెప్పి వెళ్లిపోయాడు. మాస్టారు భార్య వైపు తిరిగాడు. గొంతులో విసుగు దాచుకోలేదు.

"గీసినప్పుడే అనుకోవద్దూ? పుర్రచేతికి తగ్గట్టు గీశానని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచీ కళ్లెదురుగా కూర్చుని కుడుతున్న మనిషి ఏ చేత్తో కుడుతుందో ఆయనకు వేరే చెప్పాలట. ఏడుపు రాలేదు. ఏడవాలంటే ఎదుటి మనిషి చూస్తాడన్న ఆశైనా ఉండాలి.

"నా చేతికి గీసుకున్నాను. ఇంకొకళ్లకని నాకు తెలీదు," అంది.

ఆ బల్ల చివరికి ఎవరికీ కాకుండా పోయింది. ఎత్తు అతనిది, వెలుతురు ఆమెది. మేనల్లుడి కుట్లు వంకరపోతుంటే, అతను ఇంటికి వెళ్లాక మాస్టారు ఆ సంచులు మెల్లగా తెచ్చి మూలన పెట్టడం మొదలుపెట్టాడు. వాటిని విప్పి కుట్టడం కొత్తగా కుట్టడం కన్నా కష్టం. పాత బెజ్జాల వెంటే పోవాలి. దానికి ఇంకాస్త వంగాలి.

ఒక రోజు పాత గిరాకీ ఆవిడ తన చేతిసంచీ తీసుకోవడానికి వచ్చింది. కుట్టు మీద వేలు పెట్టి చూసింది. "కొత్త బల్ల వచ్చినా పాత పనితనం పోలేదండీ," అని మెచ్చుకుంది. బల్ల దగ్గర మేనల్లుడు తల దించుకున్నాడు. మాస్టారు వెలిగిపోతూ మూలకు చెయ్యి చూపించాడు.

"అదంతా ఆవిడ చలవేనండీ. ఈ బల్ల కూడా ఆవిడ గీసిందే. మా దగ్గర ఎప్పుడూ ఆవిడ మాటకే పెద్దపీట."

మూలన ఆమె సూదులు పక్కన పెట్టింది. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. నిటారుగా కావడానికి కాసేపు పట్టింది. అప్పుడు కిందికి వంగి పీటను తీసి, ఆవిడకు కనబడేలా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"పెద్దదేం కాదండీ," అంది. "చిన్నదే. బల్లలో మిగిలిన ముక్కతో చేయించారు."

ఆవిడ అది హాస్యమనుకుని గట్టిగా నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆమె పీటను మళ్లీ చాప మీద వేసుకుని కూర్చుంది. విప్పాల్సిన కుట్టు ఇంకా సగం అలాగే ఉంది.