నాణేలు నేర్చుకున్న పెట్టె

"సోల్డరింగ్ నీదేగా?" అన్నాడు రెనాంటే, రెండోసారి అన్నం పెట్టమని ప్లేటు ముందుకు జరుపుతూ.

నేను పొయ్యి దగ్గర వెల్లుల్లి అన్నం అడుగంటకుండా కలుపుతున్నాను. చేపల బజారులో మేము పెట్టిన వైఫై పెట్టె నాణేలు తీసుకోవడం లేదట. ఎవరు ఏం వేసినా వేసింది వేసినట్టే కింది గిన్నెలోకి ఉమ్మేస్తోందట. ఆ కబురు చెప్పి, కాఫీ ఒక గుక్క తాగి, మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. మా అత్తగారు సోలెదాద్ చేప ముల్లు ఏరుకుంటూ, "వంటింటి బల్ల మీద చేసిన పని వంటింటి పనిలాగే ఉంటుంది మరి. పోయేది మాత్రం మావాడి పేరు" అంది. నేను ఆవిడకు ఇంకో గుడ్డు వేయించి పెట్టాను. అలవాటు అలాంటిది.

మా ఊరు రోసారియోలో రెనాంటే అంటే తెలియని వాళ్ళుండరు. ఏ సందులో చూసినా గోడకు ఒక పెట్టె, దాని మీద అతని ఫోన్ నంబరు. పీసో నాణెం వేస్తే ఇన్ని నిమిషాలని ఇంటర్నెట్ వస్తుంది. అతను నిచ్చెనెక్కి ఆ పెట్టెలు బిగిస్తాడు, కింద నిలబడ్డ మగవాళ్ళతో జోకులేస్తాడు, చల్లటి డ్రింకు తాగి ఇంటికొస్తాడు. ఆ పెట్టెల్లో ఏముంటుందో, ఎవరు పెడతారో ఎవరూ అడగరు. నేను పెడతాను. ఈ పనికి ముందు తొమ్మిదేళ్ళు ఎక్స్‌పోర్ట్ జోన్‌లోని ఫ్యాక్టరీలో పనిచేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా భూతద్దం కింద కళ్ళు పెట్టి, ఆవగింజంత అతుకుల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. లైన్‌లో రెండొందల మంది ఆడవాళ్ళం ఉంటే, అనుమానం వచ్చిన బోర్డు నా బల్ల దగ్గరికి వచ్చేది. కడుపుతో ఉన్నానని తెలిశాక కాంట్రాక్టు పొడిగించలేదు. పాప పుట్టాక రెనాంటే ఈ పెట్టెల పని మొదలుపెట్టాడు. అంటే తను ఆర్డర్లు తెచ్చాడు, నేను చేశాను.

పెట్టె పనిచేస్తే, "మా రెనాంటే చేతిలో ఏదో ఉంది" అంటుంది అత్తగారు. ఆగిపోతే, "సోల్డరింగ్ నీదేగా." ఇన్నేళ్ళుగా ఇదే వరస. చాలాసార్లు నవ్వి ఊరుకున్నాను. ఈసారి నవ్వు రాలేదు. ఎందుకంటే బజారు పెట్టె నేను మొదటి నుంచి చివరి దాకా ఒక్కదాన్నే చేసుకున్నది. చేపల నీళ్ళు చిమ్మినా లోపలికి పోకుండా రబ్బరు అంచు నేనే కత్తిరించాను. ఐసు దంచే మోటారు తిరిగినప్పుడు నాణెం వేయకుండానే వేసినట్టు లెక్క పడే రోగం ఒకటుంటుంది ఈ యంత్రాలకు. అది రాకుండా ఎర్త్ తీగలన్నీ ఒకచోట కలిపి బిగించాను. ఇంత చేసి, అతుకు వదిలేశానంటే ఎలా ఒప్పుకుంటాను?

అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది ఆ నల్ల మూతికి. నాణెం దూర్చే ముక్కను మేము మూతి అనే అంటాం. కొత్తగా కొన్నప్పుడు దానికి ఏ నాణెమూ తెలియదు. మనమే నేర్పాలి. వెనకాల రెండు మీటలు నొక్కి పడితే చిన్న అంకెలు వెలుగుతాయి. ఎన్ని రకాల నాణేలో చెప్పాలి. ఒక్కో రకానికి ఎన్ని నమూనాలు వేస్తామో, ఏ నాణేనికి లోపలి బోర్డుకు ఎన్నిసార్లు సైగ పంపాలో చెప్పాలి. ఎంత తేడా ఉన్నా సరిపెట్టుకోవచ్చో కూడా చెప్పాలి. తర్వాత నాణేలు ఒక్కొక్కటిగా వేస్తూ పోవాలి. మా దగ్గర పాత పీసో వేరు, కొత్త పీసో వేరు. పాత ఐదు పసుపుపచ్చన, కొత్త ఐదు తెల్లన. పదికీ అలాగే రెండు రకాలు. నేను ఆరు రకాలు పెట్టాను, రకానికి ఇరవై నాణేలు. వాటికోసం రెండు రోజులు తిరిగాను. జీప్నీ బండి డ్రైవర్ దగ్గర కొన్ని, మూల కొట్లో కొన్ని, మా చేపలావిడ డబ్బాలోంచి కొన్ని మార్చుకుని తెచ్చాను. అరిగినవి, నల్లబడినవి, అంచు సొట్టబోయినవి, అన్నీ వేశాను. ఇంట్లో మూడు రోజులు ఒక్క తప్పు కూడా చేయలేదు.

మరునాడు రెనాంటే బజారుకు వెళ్ళి ఏదో చేసి వచ్చాడు. "అయిపోయింది, కొంచెం వదులు చేశాను" అన్నాడు. దాంతో ఇంకో చోద్యం మొదలైంది. పాత పీసో వేస్తే పెట్టె దాన్ని కొత్త ఐదు అనుకుంటోంది. ఒక్క పీసోకు ఐదు పీసోల ఇంటర్నెట్ అని బజారంతా లైను కట్టింది. రొయ్యల వాళ్ళు, ఐసు వాళ్ళు, చివరికి కసాయి కొట్టువాళ్ళు కూడా వచ్చి చుట్టాలతో వీడియో కాల్స్ చేసుకున్నారట. సాయంత్రానికి బెలెన్ అక్క మాకు ఫోన్ చేసింది. బజారులో చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద.

"ఏమయ్యా రెనాంటే, నీ పెట్టెకు ఒకరోజు కడుపునొప్పి, ఒకరోజు పెళ్ళిసందడి! శనివారం వచ్చి పట్టుకుపో. వేరేవాళ్ళ చేత చేయించుకుంటాం."

ఫోన్ స్పీకర్లో ఉంది. రెనాంటే నా వంక చూసి, "మా ఆవిడ చేసిందక్కా ఈసారి. అందుకే ఇలా తగలడింది. నేను చూస్తాలే" అన్నాడు. తొమ్మిదేళ్ళు ఇతరుల తప్పులు పట్టిన మనిషిని నేను. ఆ మాటకు చెవులు కాలిపోయాయి. పని చేసింది నేనని అతను బయటివాళ్ళకు చెప్పడం అదే మొదటిసారి. అదీ ఇలా.

"పొద్దున నేనెళ్తాను" అన్నాను.

"బజారుకా? పెట్టె ముందు నువ్వు నిలబడితే నా పరువేం కావాలి?"

"నీ పరువు నేను మోసుకెళ్ళనులే. స్క్రూడ్రైవరు ఒక్కటే తీసుకెళ్తా."

పొద్దున గిన్నెలు తొట్టిలో వదిలేసి వెళ్ళాను. అవి అలా వదిలేసి గడప దాటడం నాకు కొత్త. వెనకనుంచి అత్తగారు ఏదో అంటూనే ఉంది.

బజారులో పెట్టె మూత తీసి ముందు నా అతుకులు చూశాను. ఎర్ర తీగ, నల్ల తీగ, సైగ పంపే తెల్ల తీగ, ఒక్కొక్కటీ లాగి చూశాను. గట్టిగా, గుండ్రంగా, మెరుస్తూ ఉన్నాయి. ఆ క్షణంలో నాకు ఎంత గర్వం వచ్చిందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. చేపల నీచు మధ్య నిలబడి, నా చేతిపనిని నేనే ముద్దు చేసుకున్నాను.

తర్వాత మూతి వెనక రెండు మీటలూ నొక్కి పట్టాను. రకాలు ఆరు ఉండాల్సిన చోట మూడు ఉంది. సరే, పాత నాణేలు తీసేశాడన్నమాట. అందుకే వదులు చేయగానే పాత పీసో కొత్త ఐదైపోయింది. నమూనాలు ఇరవై ఉండాల్సిన చోట చూస్తే పదమూడు.

పదమూడు ఎవరు పెడతారు? పది పెడతారు, పదిహేను పెడతారు, ఇరవై పెడతారు. పదమూడు నాణేలు లెక్కపెట్టి దాచుకునే చోటు మా ఇళ్ళల్లో ఒక్కటే ఉంటుంది. పెళ్ళిరోజు చర్చిలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురి దోసిట్లో పోసే నాణేలు అవి. నా సంపాదన ఇక నీదీ అని మాట ఇస్తూ పోస్తాడు. బంగారుపూతవి కొనే స్తోమత లేక, మా పెళ్ళి పెద్ద ఒకాయన బ్యాంకుకు వెళ్ళి, అప్పుడే విడుదలైన కొత్త పీసోలు పదమూడు తెచ్చిచ్చాడు. వాటిని తెల్లగుడ్డలో మూటగట్టి మరియమ్మ బొమ్మ వెనక పెట్టాం. ఈ ఏడేళ్ళలో ఒక్కటి కూడా ఎవరి చెమటచేతికీ తగల్లేదు. ఐదులూ పదులూ కూడా మెరిసేవే పదమూడేసి వెతికి తెచ్చి, పెట్టెకు మా ఆయన ఆ నాణేలతో పాఠం చెప్పాడు!

నవ్వాగలేదు. పక్కన రొయ్యలు ఒలిచేవాళ్ళు కూడా నన్ను చూసి కారణం తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టారు. అంతలో రెనాంటే మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ఇంట్లో ఆగలేకపోయుంటాడు. బెలెన్ అక్క ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ అతని దగ్గరికే వెళ్ళింది, నేను అక్కడ లేనట్టు.

"ఏమిటయ్యా రోగం?"

"కనెక్షన్ లూజక్కా. సోల్డరింగ్ దగ్గర—"

"సోల్డరింగ్ బాగానే ఉంది" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "పెట్టె చేసింది నేను. నాణేలు నేర్పింది కూడా నేనే. ఇక్కడ బిగించే ముందు ఈయన అదంతా చెరిపేసి మళ్ళీ నేర్పాడు. రెనాంటే, వేటితో నేర్పావో నువ్వే చెప్పు."

అతను హెల్మెట్ తీసి చేతుల్లో తిప్పాడు. "నువ్వు వేసినవి మురికివి. శుభ్రమైన నాణేలైతే శుభ్రంగా నేర్చుకుంటుందని... మన పెళ్ళివి."

బజారంతా విరగబడి నవ్వింది. బెలెన్ అక్క పొట్ట పట్టుకుని ఐసు పెట్టె మీద కూలబడింది. "అయ్యో నాయనా! చర్చి దాటని నాణేలు పట్టుకొచ్చి చేపల బజారు నడుపుదామనుకున్నావా? మా డబ్బులు చూడు!" అని జేబులోంచి గుప్పెడు తీసి చూపించింది. తడి, పొలుసులు, ఉప్పుకు పట్టిన గోధుమరంగు మరక.

"అవే కావాలక్కా" అన్నాను. "అందరూ ఇవ్వండి. తుడవొద్దు. ఎలా ఉన్నవి అలాగే."

రకాలు ఆరు చేశాను. నమూనాలు ఇరవై. వదులు చేసింది మళ్ళీ బిగించాను. ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరు తమ నాణెం తామే వేస్తామని పట్టుబట్టారు. "నాది కూడా నేర్పమ్మా, నాది మరీ అరిగిపోయింది" అంది ఒక ముసలావిడ. ఎండుచేప పొగబెట్టే ఒకామె నాణెం నల్లగా మసిపట్టి ఉంది. అదీ వేయించాను. నూట ఇరవై సార్లు ఠంగు ఠంగుమంది. రెనాంటే నా పక్కన నిలబడి, కింద పడ్డ నాణేలు ఏరి, ఎవరివి వాళ్ళకు ఇస్తున్నాడు. నేను చెప్పకుండానే ఆ పని అందుకున్నాడు. ఆ మాత్రం న్యాయంగా చెప్పాలి.

అంతా అయ్యాక బెలెన్ అక్క తన జేబులోని మరకల పీసో వేసింది. పెట్టె మింగింది. అందరి ఫోన్లకంటే ముందు ఆవిడ ఫోన్ కూసింది. పాత ఐదు వేసింది, మింగింది. ఐసు మోటారు ఆన్ చేయమని అరిచాను. అది గడగడా తిరిగింది, పెట్టె ఒక్క నిమిషం కూడా ఉత్తపుణ్యానికి ఇవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమే. ఫ్యాక్టరీలో వేల బోర్డులు పాస్ చేశాను, ఒక్కదానికీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇక్కడ చేపల చేతులతో కొడుతున్నారు.

"శనివారం తీసుకుపొమ్మన్నాను కదా, ఆ మాట మరిచిపో" అంది బెలెన్ అక్క. "చేపలకు పొగబెట్టే గుడిసెల దగ్గర ఇంకో మూడు కావాలి. పాడైతే ఎవరిని పిలవాలి? ఈ నంబరుకేనా?"

పెట్టె మీద రెనాంటే నంబరున్న స్టిక్కరు వైపు చూపించింది. రెనాంటే నా వైపు చూసి పక్కకు జరిగాడు. నేను గోరుతో స్టిక్కరు అంచు లేపి మెల్లగా పీకేశాను. ధరలు రాసే నల్ల పెన్ను అడిగి తీసుకుని, పెద్దక్షరాలతో నా పేరు, మరివిక్ అని రాశాను. కింద నా నంబరు రాశాను. రెనాంటే భార్య అని తోకేమీ తగిలించలేదు.

"మూడు పెట్టెలూ చేస్తానక్కా. పొద్దున ఏడింటి నుంచి పదకొండు దాకా నా పని టైము. ఆ టైములో ఇంట్లో వంట రెనాంటేది."

"మా అమ్మతో ఏం చెప్పను?" అన్నాడు అతను, నెమ్మదిగా.

"అన్నం ఎలా వండాలో అడుగు. చాలా బాగా చెప్తుంది."

సోమవారం పొద్దున అత్తగారు మాడిన అన్నం ముందు కూర్చుని నన్ను, తన కొడుకునూ మార్చి మార్చి చూస్తోంది. నా బల్ల మీద రెండో పెట్టె సగంలో ఉంది. అంతలో ఫోన్ మోగింది. రెనాంటే చెయ్యి తన జేబులోకి వెళ్ళి ఖాళీగా బయటికొచ్చింది. మోగేది నాది. అవతల ఎవరో మగాయన, కాస్త కంగారుగా ఉన్నాడు.

"అమ్మా, టెక్నీషియన్ గారున్నారా?"

"మాట్లాడుతున్నానండీ, చెప్పండి" అన్నాను. "నాణెం ఉమ్మేస్తోందా, మింగేస్తోందా?"