పుణె సర్వర్‌లో రుద్రూర్ పెళ్లి

షార్జా నుంచి చిన్నయ్య తిట్టిన తిట్లన్నీ హన్మాండ్లు నిలబడే విన్నాడు. కూర్చుని వినే తిట్లు కావవి.

"వారానికి ఒక్కటే దినం సెలవన్నా నాకు. క్యాంపుల నుంచి బస్సు పట్టుకొని నెట్ షాపుకు పోయిన. రెండు గంటలకు కిరాయి కట్టి కూసున్న. ఏముంది? తెల్లగ, ఉత్త తెల్లగ! నా బిడ్డ పెండ్లి సూద్దామంటే సున్నమేసిన గోడ సూపెట్టినవ్. అసలు ఫోటోలు తీసినవా, తీసినట్టు చేసినవా?"

"తీసిన తమ్మీ. నూట ఎనభై ఆరు తీసిన. సర్వర్ డౌన్ అయిందట."

"గా ముచ్చట నాకెందుకు? మల్ల శుక్రారం సూస్త. గప్పుడు గూడ తెరుసుకోకపోతే రుద్రూర్ల నీ పేరు ఎత్తేటోడు ఉండడు. యాదికుంచుకో."

ఉత్త బెదిరింపు కాదది. బోధన్ బస్టాండు ఎదురుగా హన్మాండ్లు స్టూడియో పెట్టి ఇరవై రెండేళ్లు. ఏడో తరగతిలో బడి మాన్పించి తండ్రి డార్క్‌రూంలో కూర్చోబెడితే, ఎర్ర బల్బు కింద ఫోటోలు కడిగే పని నేర్చుకున్నాడు. తీరా చెయ్యి తిరిగేసరికి రీళ్లు పోయాయి. రంగు ల్యాబులు వచ్చాయి, అవీ పోయాయి. ఆఖరికి అంగట్లో కూరగాయలు అమ్మేవాడి చేతిలోని ఫోన్‌కు కూడా కెమెరా వచ్చి కూర్చుంది. నేర్చిన పని చేతికి రావడమూ, ఆ పనికి కాలం చెల్లడమూ ఎప్పుడూ ఒకేసారి జరిగేవి అతనికి. చదువుకున్నవాళ్లకు ఇది ముందే తెలుస్తుందనీ, తనలాంటివాడికి మాత్రం నెత్తిన పడ్డాకే తెలుస్తుందనీ అతని గట్టి నమ్మకం.

ఇంకా రుద్రూరు పెళ్లిళ్లు తన దగ్గరికి వస్తున్నాయంటే ఒక్కటే కారణం. పక్క మడిగెలో నెట్ సెంటర్ నడిపే లింగం రెండేళ్ల కింద ఒక సైటు చేసి పెట్టాడు. పెళ్లి ఫోటోలు అందులో పెడితే గల్ఫ్‌లో ఉన్నవాళ్లు అక్కడే చూసుకుంటారు. ఇంటికొకరు ఎడారికి పోయిన ఊళ్లలో అది చిన్న సంగతి కాదు. బిడ్డ పెళ్లికి రాలేని తండ్రుల కోసం హన్మాండ్లు ఇంకో పని కూడా చేసేవాడు. పాత ఫోటోలోంచి తండ్రిని కత్తిరించి, స్టేజీ మీద బిడ్డ పక్కన నిలబెట్టి, చేతిలో అక్షింతలు పెట్టేవాడు. చిన్నయ్యను కూడా అట్లాగే నిలబెట్టాడు. నీడ కూడా సరిగ్గా పడింది.

ఫోన్ పెట్టేసి నేరుగా లింగం మీదికి పోయాడు.

"మీ బామ్మర్ది రామ్‌దాస్ కంపెనీ సంగతేందిరా?"

సైటు ఉండేది హైదరాబాద్‌లో, లింగం బావమరిది రామ్‌దాస్ దగ్గర. మనోడు, తక్కువకు ఇస్తాడు, పొద్దుమాపు మాట్లాడవచ్చు అని అక్కడ పెట్టారు. లింగం నసిగి నసిగి అసలు మాట చెప్పాడు. రామ్‌దాస్ సర్వర్ అంటే అమీర్‌పేటలో అతను కిరాయికి ఉండే గదిలో మంచం కింది కంప్యూటర్. శుక్రవారం కరెంటు పోయింది. రామ్‌దాస్ తిరుపతి పోయి ఉన్నాడు. గదికి తాళం.

"మంచం కిందనా?" అన్నాడు హన్మాండ్లు. "నేను ఎలకల మందు పెడ్త మంచం కింద. నువ్వు నా ఇజ్జత్ పెట్టినవ్."

"నువ్వేమన్న అడిగినవా అన్నా అప్పుడు? తక్కువకస్తది అంటే సై అన్నవ్."

ఆ మాట నిజమే కాబట్టి హన్మాండ్లుకు ఇంకా మండింది. పిల్లనిచ్చేటప్పుడు ఇల్లు చూసి, వాకిలి చూసి, నలుగురిని అడిగి ఇస్తారు. తన వ్యాపారాన్ని మాత్రం, ఇల్లుందో లేదో చూడకుండానే, మనోడని ఒకడి చేతిలో పెట్టాడు.

మరునాడు లింగం కంప్యూటర్ పత్రికలో ప్రకటనలు చదివి ముగ్గురి నంబర్లు రాసిచ్చాడు. స్పేస్ ఎంత, బ్యాండ్‌విడ్త్ ఎంత అని ఏవేవో చదవబోతే హన్మాండ్లు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవ్వన్ని అందరు అంతే రాస్తరు. ఫోన్ చేస్త. ఆగినప్పుడు నేను తిడితే సమజయ్యేటోడు కావాలె నాకు. ఇంగ్లీషుల తిట్టరాదు నాకు."

మొదటి నంబర్‌కు చేస్తే ఒక యంత్రం మాట్లాడింది. ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, చివరికి పాట పెట్టి పోయింది. రెండో చోట ఒకమ్మాయి ఇంగ్లీషులో తియ్యగా మాట్లాడింది. ఇతను హిందీలోకి దిగగానే, వేరేవాళ్లు చేస్తారని చెప్పి పెట్టేసింది. వేరేవాళ్లు చేయలేదు.

మూడోది పుణెలో. రెండు మోతలకే ఒకావిడ ఎత్తి, మరాఠీలో "బోలా", అంటే చెప్పండి, అంది.

హన్మాండ్లు తల్లిగారిది మహారాష్ట్రలోని దెగ్లూరు దిక్కు. చిన్నప్పటి నుంచీ అతనికి అన్నం తిన్నంత తేలికగా వచ్చే భాష అది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆవిడ పేరు కుందా. ఆమె, ఇంకో ఇద్దరు కలిసి నడుపుతున్న చిన్న కంపెనీ. యంత్రాలు మాత్రం తమ ఇంట్లో లేవనీ, ముంబైలో జనరేటర్లు, కాపలా ఉన్న పెద్ద భవనంలో కిరాయికి ఉన్నాయనీ చెప్పింది.

"మీది ఎన్నడూ ఆగదా తాయి?" అని అడిగాడు, అక్కా అన్నట్టుగా. ఆవిడా అతన్ని భావు అని అన్నను చేసుకుంది.

"ఆగుతుంది భావు. ఏడాదికి రెండు మూడు సార్లు ఆగుతుంది. ఆగదని చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఆగితే మీకంటే ముందు నాకు తెలుస్తుంది, నేనే ఫోన్ చేస్తాను. రోజూ రాత్రి మీ ఫోటోలకు ఒక కాపీ తీసి పెడతాను. వారం రోజుల కాపీలుంటాయి."

హన్మాండ్లు ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి లింగంతో అన్నాడు. "ఈమెకు పైసలు కట్టు."

"ధర అడగవా అన్నా?"

"ఆగుతదని చెప్పింది. ఇంక ధరేంది?"

డీడీ తీసి, దాని నకలు ఫ్యాక్స్ చేస్తే కుందా ఆ సాయంత్రమే చోటు తెరిచిచ్చింది. సైటు పేరును పాత చోటు నుంచి కొత్త చోటికి తిప్పడానికి రెండు రోజులు పట్టింది. బోధన్ టెలిఫోన్ తీగ మీద నూట ఎనభై ఆరు ఫోటోలు ఎక్కించడానికి ఇంకో రెండు రోజులు. మధ్యలో కరెంటు పోయిన ప్రతిసారీ మళ్లీ మొదటికే వచ్చేది. ఇంత జరుగుతున్నా హన్మాండ్లు పూటకోసారి పుణెకు ఫోన్ చేసి ఒకటే మాట చెప్పేవాడు.

"తాయి, శుక్రవారం. శుక్రవారం మధ్యాహ్నం తెరుచుకోవాలి. అతనికి మళ్లీ వారం దాకా సెలవుండదు. బిడ్డ పెళ్లి."

"రాసి పెట్టుకున్నాను భావు. శుక్రవారం."

బుధవారం చీకటిపడే వేళకు పని ముగిసింది. లింగం తెర మీద ఒక్కో ఫోటో తెరుచుకుంటుంటే హన్మాండ్లు చేతులు కట్టుకుని చూశాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక కొత్త పని అతని చేతికి సకాలంలో వచ్చింది.

గురువారం మధ్యాహ్నం గంగుబాయి వచ్చింది. చిన్నయ్య భార్య. పెళ్లి పెట్టిన ఇంటావిడ. పెళ్లి పసుపు ఇంకా కాళ్లను వదల్లేదు. లోపలికి వచ్చి, గిరాకీ ఎవరూ లేరని చూసి, బెంచీ అంచున కూర్చుంది.

"అన్నా, రేపు ఆయన సూస్తడట కద ఫోటోలు."

"సూస్తడు చెల్లె. ఈసారి ఆగుడు లేదు. బొంబాయిల పెట్టిచ్చిన."

"ఆపాలెనే అన్నా."

హన్మాండ్లు సరిగా వినలేదనుకున్నాడు. ఆమె మళ్లీ అదే మాట అని, కారణం చెప్పింది.

"మా అత్త సచ్చిపోయింది. మాఘంల. ఆయనకు తెల్వది."

పెళ్లి జరిగింది వైశాఖంలో. చిన్నయ్య తల్లి లింగవ్వ మాఘమాసంలో ఒక పొద్దున చెరుకు తోట గట్టు మీద కూలబడింది, మళ్లీ లేవలేదు. దినాలు అయ్యాయి. చిన్నయ్యకు చెప్పాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు కొట్లాట జరిగింది. చెబితే ఏడాది దాకా పెళ్లి వద్దంటాడు. పెళ్లికొడుక్కి వీసా వచ్చి ఉంది, వాళ్లు ఆగరు. ఇదొకటి.

"అసలు భయం అది గాదన్నా," అంది గంగుబాయి. "ఆయన పదిహేను అంతస్తుల మీద కర్రలు కట్టే పని జేస్తడు. తల్లి అంటే పానం ఆయనకు. గీ మాట మనసుల పెట్టుకొని పైకెక్కి, కాలు జారితే? మా ఊరోడు కొమురయ్య ఆయన రూముల్నే ఉంటడు. కొమురయ్యకు గూడ సెప్పలేదు. రెండు నెల్లల్ల అగ్రిమెంటు అయిపోతది. ఇంటికొచ్చినంక, నేల మీద కాళ్లు పెట్టినంక సెప్తం."

"ఫోన్‌ల తల్లిని అడగడా?"

"చెవులు ఇనొస్తలెవ్వని అబద్దమాడ్తున్నం. ఇన్ని దినాలు నడిసింది. ఇప్పుడు ఫోటోలల్ల ఎతుకుతడు గద?"

వెతుకుతాడు. ఎందుకు వెతకడు? హన్మాండ్లు మనసులో నూట ఎనభై ఆరూ తిరిగాయి. పసుపు దంచడం, మంగళస్నానం, అప్పగింతలు. మనవరాలి పెళ్లిలో ముసలామె ఉండాల్సిన చోటల్లా ఎవరో ఒక పెద్దమ్మ ఉంది.

గంగుబాయి కొంగు ముడి విప్పి చిన్న ఫోటో తీసింది. రేషన్ కార్డు కోసం ఎప్పుడో దిగింది. "ఆయనను పెట్టినవ్ గద స్టేజి మీద. గట్లనే ఈమెను పెట్టరాదా?"

"ఒక్క దాంట్ల పెడ్త. మిగిలిన నూట ఎనభై అయిదిట్ల యాడికి పోయిందంటడు. అన్నిట్ల పెట్టాల్నంటే నెల పడ్తది. అయినా..." హన్మాండ్లు ఆ ఫోటోను తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "చిన్నయ్యకు తను పెండ్లిల లేనన్న సంగతి తెలుసు చెల్లె. అందుకే పెట్టిన. ఇది నాతోని కాదు."

"మరి ఆపుతవా?"

"ఆపితే ఏమైతదో ఎరుకేనా? నీ మొగడు షార్జా నుంచి తిట్టే తిట్లకు నా మడిగె మూత పడ్తది. మీ ఊరు మొత్తం నిజామాబాద్ పోతది ఫోటోలకు."

"ఎరుకే," అంది గంగుబాయి. బెంచీ మీంచి మాత్రం లేవలేదు.

అయిదు నిమిషాల తర్వాత హన్మాండ్లే లేచి పక్క మడిగెలోకి పోయి, ఫోటోలన్నీ తుడిచేయమన్నాడు.

"రెండు దినాలు ఎక్కించినమన్నా!" లింగం మొత్తుకున్నాడు. "పిస లేసిందా నీకు?"

"లేసింది. తుడువు."

కుందాకు మాత్రం చెప్పలేదు. ఏమని చెప్పాలి? ఇన్ని రోజులు శుక్రవారం శుక్రవారం అని ఆమె ప్రాణం తిని, ఇప్పుడు అదే నోటితో వద్దని ఎట్లా చెప్పడం? మరాఠీలో తిట్టడానికి సిద్ధపడ్డాడు గానీ, సంజాయిషీ చెప్పుకోవడానికి సిద్ధపడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం స్టూడియోలో కూర్చుని తిట్ల కోసం ఎదురుచూశాడు. జవాబు కూడా తయారు చేసుకున్నాడు. కొత్త కంపెనీ కూడా దొంగదే తమ్మీ, నాదే తప్పు, పైసలు వాపస్ ఇస్త. ఇరవై రెండేళ్ల పేరు పోవడానికి ఆ మాట చాలు. రెండయింది. మూడయింది. మూడున్నరకు ఫోన్ మోగింది.

పుణె నుంచి.

"భావు, భయపడకండి, అంతా సర్దేశాను," అంది కుందా ఉత్సాహంగా. "మీరు అన్నిసార్లు చెప్పారు కదా, పొద్దున లేవగానే మీ సైటే తెరిచాను. ఫోటోలు ఒక్కటి కూడా లేదు! ఎవరో దొంగగా దూరి తుడిచేశారు. పాస్‌వర్డ్ మార్చేశాను. బుధవారం రాత్రి కాపీ ఉంది కదా, అది పెట్టేశాను. పది గంటల నుంచీ చక్కగా తెరుచుకుంటోంది. మీకు చెబుదామంటే ఇప్పటిదాకా లైను కలవలేదు. ఆ తండ్రి చూశాడా?"

హన్మాండ్లు గోడ మీది గడియారం చూశాడు.

"తీసెయ్యి తాయి."

"ఏమిటి?"

"ఇప్పుడే తీసెయ్యి. దొంగ కాదు, నేనే. తర్వాత చెప్తాను. తీసెయ్యి."

కీబోర్డు చప్పుడు ఫోన్‌లో వినిపించింది. "తీసేశాను భావు," అంది. అప్పుడు గడియారంలో మూడు ముప్పై నాలుగు. షార్జాలో రెండు దాటింది.

ఫోన్ పెట్టాడో లేదో మళ్లీ మోగింది. చిన్నయ్య.

"అన్నా, తెరుసుకుందే," అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. "అన్ని సూసిన. బిడ్డ నగలు, బాసింగం, అప్పగింతలు. నన్ను గూడ మంచిగ నిలబెట్టినవ్. కొమురయ్య సూసి నవ్విండు, నువ్వెప్పుడు పోయొచ్చినవ్ రా అని."

"మంచిది తమ్మీ."

"మొదటి నుంచి ఇంకోసారి సూసిన. ఇప్పుడే బంద్ అయింది మల్ల." వెనక నెట్ షాపులో ఎవరో హిందీలో నవ్వుతున్నారు. "అన్నా, మా అవ్వ ఒక్క దాంట్ల గూడ లేదు."

తయారు చేసుకున్న జవాబు ఇక్కడ పనికిరాదు. కొత్తది తయారు చేసుకునే తీరిక లేదు. అవ్వకు ఫోటో అంటే సిగ్గు అనవచ్చు. వంటింట్లో ఉంది అనవచ్చు. గంగుబాయి అయితే ఈసరికి అనేసి ఉండేది.

"నువ్వు యాడున్నవ్ తమ్మీ? కిందనే ఉన్నవా?"

"నెట్ షాపుల. కుర్చీల కూసున్న. ఎందుకు?"

"రేపు పని ఉన్నదా?"

"ఉన్నది. అన్నా, నేనడిగిందేంది, నువ్వడుగుడేంది?"

"కొమురయ్య పక్కన్నే ఉన్నడా? ఫోన్ ఆయనకియ్యి."

చిన్నయ్య ఇవ్వలేదు.

"ఎప్పుడు?" అని అడిగాడు.

"మాఘంల," అన్నాడు హన్మాండ్లు.

ఫోన్ చేతులు మారిన చప్పుడు అయింది. కొత్త గొంతు.

"అలో, నేను కొమురయ్యను. ఏం జెప్పినవన్నా ఈనికి?"

"చెప్త. ముందు ఒక మాట ఇను," అన్నాడు హన్మాండ్లు. "రేపు ఆయన్ను పని మీదికి ఎక్కనియ్యకు."