సబ్బు అరగని ఇల్లు

"పిల్లకి తిండి పెట్టడం కూడా రాదు నీకు" అంటూ అత్తగారు మా అమ్మాయిని జబ్బ పట్టుకుని, బజారులో కోడిని ఎత్తి చూపించినట్టు చూపించారు. నేనప్పుడు స్నానాలగది కడుగుతున్నాను. ఐదేళ్ళ పిల్ల. మొహం పాలిపోయింది, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. పెట్టిందంతా తింటుంది, ఒంటికి పట్టదు. తప్పు నాది. నా పాలది, నా వంటది, నా ఉద్యోగానిది. ఆయన తప్పు ఒక్కటీ ఇంతవరకూ బయటపడలేదు, పాపం.

డాక్టరమ్మ చెప్పిన పరీక్ష కోసం పిల్ల మలం డబ్బాలో పట్టి తీసుకెళ్ళే పనీ నాదే అయింది. "నా బండి మీద అది తీసుకురాకు" అన్నారు దాని కన్నతండ్రి. నడిచే వెళ్ళాను.

నులిపురుగులు. రక్తం తక్కువ. డాక్టరమ్మ ఇంటిల్లిపాదికీ మాత్రలు రాసింది. "అందరూ ఒకేసారి వేసుకోండి. టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. లేదంటే పిల్లకి మళ్ళీ అంటుకుంటాయి. ఇప్పటికే తను బాగా నీరసించింది" అంది.

ఇంటికొచ్చి చెప్తే ఆయన నవ్వారు. "నాకు పురుగులేంటే? నేనేమైనా మట్టిలో ఆడుకుంటున్నానా?"

"మా ఇంటావంటా లేవమ్మా. మీవైపు నుంచే వచ్చుంటాయి" అన్నారు అత్తగారు. పురుగుల్ని కూడా పుట్టింటి నుంచే తెచ్చుకున్నానన్నమాట.

ఆయన చొక్కా ఇస్త్రీ నలగదు. సెంటు వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. కానీ టాయిలెట్ కడిగేది నేను. పిల్లా నేనూ వారం రోజులు ఊరెళ్ళి వచ్చినా అక్కడి కుళాయి దగ్గర చేతులకని పెట్టిన కొత్త సబ్బు పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, మీద అక్షరాలు కూడా చెరగవు. ఆ చేత్తోనే పిల్లకి ముద్దలు పెడతారు. తండ్రి ప్రేమ చూడమని అత్తగారు మురిసిపోతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

పిల్లా నేనూ మాత్రలు మింగాం. వాళ్ళవి బల్ల మీద అలాగే ఉన్నాయి. భోజనాల దగ్గర ఆయన వచ్చి కూర్చుని పిల్ల కంచంలో చెయ్యి పెట్టబోయారు. కంచం పక్కకి లాగాను.

"ముందు చేతులు కడుక్కోండి. మాత్ర వేసుకోండి. అత్తయ్యా, మీరు కూడా."

"మొగుడితో మాట్లాడే పద్ధతేనా ఇది?" అన్నారు అత్తగారు.

"వేసుకోను. ఏం చేస్తావు?" అంటూ ఆయన ఖాళీ కంచం నావైపు జరిపారు, వడ్డించమని.

దాన్ని మళ్ళీ ఆయన ముందుకే జరిపాను.

"ఇన్నాళ్ళూ మీకు వండుతున్నాననుకున్నాను. మీ కడుపులో ఉన్నవాటికి వండడం నావల్ల కాదు."