తెరకంటిన ప్రెబెన్

ఎస్బియర్‌లో వాన లేని ఆదివారాలు ఏడాదికి నాలుగో ఐదో వస్తాయి. ఆ రోజుల్లో కూడా బిర్తె ఇంట్లో కర్టెన్లు మూసే ఉండాలి. వెలుతురు పడిందంటే ప్లాస్మా టీవీ గాజు అద్దమైపోతుంది. హ్యాండ్‌బాల్ ఆటగాళ్ల బదులు ఎదురింటి కిటికీలు కనిపిస్తాయి.

"నలుపంటే ఇదీ నలుపు! బంతి ఎంత జోరుగా ఎగిరినా బొమ్మ చెదరదు చూడు," అంటాడు ఆమె మొగుడు ప్రెబెన్, పధ్నాలుగేళ్లుగా.

"దాని వేడికి బల్లమీద వెన్న నీరైపోతోంది, అది చూడు," అంటుంది వంటింటి గుమ్మంలో ఇస్త్రీ చేస్తూ బిర్తె.

ఇవన్నీ ఒక ఎత్తు, మరకలు ఒక ఎత్తు. కదలకుండా ఉన్నదేదైనా ఆ తెరకి అంటుకుపోతుంది. మొదట ఛానల్ గుర్తు అంటుకుంది. తర్వాత, ఎదురుగా కదలకుండా కూర్చునే ప్రెబెనే అంటుకున్నాడు. వార్తలు చదివే అమ్మాయి మొహం మీద అతని బట్టతల లీలగా తేలుతుండేది. "తెరలో మీ ఆయన కాస్త చిక్కినట్టున్నాడే," అంటూ పక్కింటావిడ కేకు ముక్క అందుకునేది.

"కుర్చీలో ఒకడు, తెరలో ఒకడు. ఇద్దరిలో ఒక్కడూ పలకడు! అదుంటే నేనుండను," అని బిర్తె ఒకరోజు తెగేసి చెప్పింది.

ప్రెబెన్ షెడ్డులోకి వెళ్లి సైకిల్ చైను తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆమె ఆల్బోర్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి పెట్టె సర్దేసింది.

పోయేముందు ఆ మరకైనా వదిలించి పోదామని, టీవీ దుకాణమతను చెప్పినట్టు తెరంతా తెల్లగా పెట్టింది. రోజంతా అలా వెలగనిస్తే మరకలు పోతాయట. రైలుకింకా టైముంది. మొట్టమొదటిసారి మొగుడి కుర్చీలో కూలబడింది.

తెల్లటి వెలుగులో ప్రెబెన్ స్పష్టంగా తేలాడు. ఒళ్లో పేపరు, జారిన మేజోడు. మొహం మాత్రం తిన్నగా లేదు, కుడిపక్కకి తిరిగి ఉంది. ఆమె కూడా తల అటు తిప్పి చూసింది. వంటింటి గుమ్మం, ఇస్త్రీ బల్ల. ఇంకేం లేవు.

ఏళ్ల తరబడి అటే చూస్తే తప్ప అలా అంటుకోదు.

అప్పటికే చెవుల అంచులు చెరిగిపోతున్నాయి. గబుక్కున లేచి టీవీ కట్టేసింది. మళ్లీ కూర్చుని, రైలు టైము దాటిపోయేదాకా లేవలేదు.

ప్రెబెన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "రైలు?"

"పోయింది. ఏం మనిషివయ్యా నువ్వు! ఇన్నేళ్లూ ఆట మానేసి ఎటు చూస్తూ కూచున్నావు? నోట్లో నాలుక లేదా?"

అతని మొహం ఎర్రబడింది.

"ఆ తెర పక్కచూపుకి కూడా బాగానే కనిపిస్తుంది," అని గొణిగాడు.