గుంజుడు, ఆపుడు

"త్రివేణికేం కష్టం? చూసుకుంటది తియ్యి" అని శివకృష్ణ ఫోన్లో తన అక్కకు మాటిస్తున్నప్పుడు త్రివేణి పెరట్లో అతని ప్యాంటే ఉతుకుతోంది. చేతికి అంటిన నురగ ఆరకముందే మాటల్లోనే ఇద్దరు పిల్లలు ఆమె ఇంట్లోకి వచ్చేశారు. ఆడబిడ్డ కరుణ పిల్లలు. ఈ నెలలో బడులు తెరవగానే కోస్గిలో వీళ్ల రెండు గదుల ఇంట్లో ఉండి ఇంగ్లీషు మీడియం చదువుతారట. ఇప్పటికే పొద్దున లేస్తే వంట, డబ్బాలు, ప్రైవేటు బడిలో ఆరు పీరియడ్లు, సాయంత్రం గిన్నెలు, బట్టలు. ఆ సందుల్లోనే ఆమె డీఎస్సీకి చదువుకుంటోంది. సర్కారు టీచరు కొలువుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన పరీక్ష, ఇంకా నలభై రోజులుంది. ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. "నన్నొక మాట అడగరాదా?" అంటే అతను నవ్వాడు. "అడిగితె వద్దంటవా ఏంది? నీ మనసు నాకెర్కలేదా?" అది మెచ్చుకోలో, మెడకు తాడో ఆమెకు ఆ రాత్రంతా తేలలేదు.

ఇదంతా ఆదివారం నాడు, అత్తగారి ఊళ్లో. సాయంత్రం శివకృష్ణ బిడ్డ నిహారికనూ, బియ్యం మూటనూ మోటారు సైకిల్ మీద ఎక్కించుకుని కోస్గికి పోయాడు. మూటకు చోటు దొరికింది, పెళ్లానికి దొరకలేదు. "నువ్వు పొద్దుగాల అమ్మ జీపుల రా" అన్నాడు.

ఆ జీపు సంగతి చెప్పి తీరాలి. మామ బీరప్ప వేలంలో కొన్న పాత ఫోర్‌వీల్ బండి, వయసులో త్రివేణి కన్నా పెద్దది. ఎనిమిదేళ్ల కింద ఆయనకు చూపు మందగిస్తే అత్త జానమ్మ తాళం చేతికి తీసుకుంది. "స్టీరింగు తిప్పుడంటె సకినాలు చుట్టుడనుకున్నవానే?" అని ఆయన ఎగతాళి చేశాడు. నెల తిరిగేసరికి జానమ్మ వెనుక ట్రాలీ తగిలించి గొర్లను అంగడికి తీసుకుపోయి వచ్చింది. "సకినాలు చుట్టుడే కష్టం, ఇది అల్కగనే ఉన్నది" అందట. బీరప్ప పోయి మూడేళ్లయినా ఊళ్లో ఆ మాట ఇంకా చెప్పుకుని నవ్వుతారు.

నవ్వేవాళ్లెవరూ ఆమె బండి కట్టడం చూసి ఉండరు. త్రివేణి మర్నాడు పొద్దున, గొర్లను అంగడికి ఎక్కించేటప్పుడు చూసింది. ట్రాలీ పిన్ను దించి, అది పైకి లేవకుండా సీల వేసి, గొలుసులు రెండింటినీ ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా తగిలించింది. దాణా బస్తాలను ఇరుసుకు ముందు వైపు సర్దింది. పెద్ద పొట్టేలును తెచ్చి ట్రాలీ ముందు కమ్మికి కట్టింది. ఎందుకని అడిగితే, "గొర్లన్ని ఆని దిక్కే ఒత్తుకుంటయి బిడ్డా. అన్ని ఎనుకకు వొయ్యి నిలవడ్డయనుకో, ట్రాలీ తోక ఊపుతది. తోక ఊపిందంటె ఇగ జీపు మన మాట ఇనది" అంది. గరిమనాభి పాఠాన్ని ఏటేటా పిల్లల చేత బట్టీ కొట్టించే త్రివేణి, ఆ పాఠం నిజంగా తెలిసిన మనిషిని చూడటం అదే మొదలు. ముచ్చటేసింది. కొంచెం సిగ్గు కూడా వేసింది.

జానమ్మ చాయ్ తాగి వచ్చేసరికి పక్కింటి కిష్టయ్య తన పది గొర్లను కూడా ఎక్కించేశాడు. "నీ జీపు గుంజుతది తియ్యి జానక్కా" అంటూ వెనుక సీట్లో కూర్చున్నాడు. ఆమె తాళం తిప్పింది. ఊరు దాటి ఖాళీ రోడ్డు మీదికి వచ్చాక ఒకసారి మెల్లగా బ్రేకు తొక్కింది. వెనుక నుంచి ఎవరో నెట్టినట్టు జీపు ఇంకా ముందుకు పోయింది. మళ్లీ తొక్కింది. మళ్లీ అంతే. గుట్ట దిగుడు మొదలయ్యే చోట బండి పక్కకు ఆపి, త్రివేణి చేత చక్రాలకు రాళ్లు పెట్టించింది.

"కిష్టయ్యా, నీ జీవాలను దింపు."

"గింత దూరం వచ్చినంక దింపుడేంది? ఫోర్‌వీల్ బండి, గుంజదా?"

"గుంజుతది. గుంజుడు దాని గుణం. ఎంతేసినా గుంజుతది, పానం పొయ్యేదాక గుంజుతది. మరి దిగుట్ల ఆపేదెవలు? ట్రాలీకి బ్రేకుల్లెవ్వు. ఉన్న బ్రేకు గీ ముసల్దానికే."

"బీరప్పన్న ఉంటె గిట్ల అనకపోతుండె."

"ఆయనుంటె డీజిల్ మిగులుతదని న్యూట్రల్ల దించుతుండె. ఒకసారి తుమ్మచెట్టు ఆపింది. దింపు. గా నీడల కూసో, రెండో ట్రిప్పుకు వస్త."

కిష్టయ్య గొణుక్కుంటూ దింపాడు. "ఆడోళ్ల డ్రైవింగు" అన్న మాట గొర్ల అరుపుల్లోనూ బాగానే వినబడింది. జానమ్మ కోపగించుకోలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. పదో గొర్రె దిగేదాకా నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది, అంతే. త్రివేణి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. తను వద్దు అనాలంటే ముందు తలనొప్పి తెచ్చుకోవాలి, లేకపోతే జ్వరం తెచ్చుకోవాలి. ఉత్త 'వద్దు' ఎన్నడూ ఆమె నోట్లోంచి రాలేదు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ, ఆమెను ఎవరూ మొత్తలేదు. మెచ్చుకుంటూనే ఒక్కొక్క మూటా ఎక్కించారు. బడిలో హెడ్మాస్టరు "త్రివేణి మేడమైతేనే చేస్తారు" అని సెలవు పెట్టిన వాళ్ల క్లాసులిచ్చాడు. మొగుడు "మా త్రివేణికి ఓపికెక్కువ" అని చుట్టాలను పిలిచాడు. ఆమె గుంజింది. గుంజగలిగినందుకు గర్వపడింది కూడా. ఆ గర్వం తలచుకుంటే ఇప్పుడు ఏడుపొచ్చింది.

"ఏ గేరుల ఎక్కుతమో గదే గేరుల దిగాలె" అంటూ జానమ్మ చిన్న గేరు వేసింది. బరువును ఇంజనే పట్టుకుంది. ఆమె బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి ఉంచలేదు, అవసరమైన చోట తొక్కి వదిలింది. వెనుక లారీవాడు హారన్ల మీద హారన్లు కొడితే, "ఆనికి తొందరుంటె ఆన్ని పోనియ్యి" అని దారిచ్చింది. మలుపు మలుపుకూ త్రివేణికి ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. దాని వెంటే భయమూ వచ్చింది. ఈమె కరుణకు తల్లి. ఆ పిల్లలు ఈమె మనుమలు.

గుట్ట దిగి చదునుకు వచ్చాక త్రివేణి గొంతు సవరించుకుంది. "అత్తమ్మా, కరుణ వదినె పిల్లలను ఇప్పుడు నేను పెట్టుకోను. పరీక్ష అయ్యేదాక నాతోటి గాదు."

జానమ్మ ముఖం చిన్నబోయింది. గేరు మార్చింది.

"పిల్లలు ఆగం గారా?"

"కారు. ఆళ్లకు ఊర్ల బడి ఉన్నది, ఇంకో ఏడాది చదువొచ్చు. నాకు ఇంకో డీఎస్సీ ఎన్నడో."

రెండు ఫర్లాంగులు గడిచాయి. జానమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. "శివిగాడు లొల్లి వెడ్తడు. నేనే వద్దన్ననని చెప్పు. నా మాటకు ఎదురు రాడు."

ఎంత సులువైన దారి! త్రివేణికి కళ్లు చెమర్చాయి. ఫోను తీసి, మొగుడి నంబరు నొక్కింది. అటు గంట మోగుతోంది.

"లేదత్తమ్మా. వద్దన్నది నేను. నేనే చెప్త."